పందెపు బాటకు స్పోర్ట్సు కారును సిద్ధపఱచుట



మోటారు కార్లు నేడు మన పల్లెల వీధులలో సైతము తిరుగుచున్నవి. వానిలో స్పోర్ట్సు కారు అనునది యొక ప్రత్యేకమైన జాతి. ఇది సంసారపక్షపు బండి కాదు. ఇందు సామాన్యముగా ఇద్దఱు కూర్చుండుటకు మాత్రమే చోటుండును. ఇది పొట్టిగా, నేలకు దగ్గఱగా నుండి మలుపులలో చుఱుకుగా తిరుగును. నడపువానికి ఉల్లాసము కలిగించుటయే దీని ముఖ్య ప్రయోజనము. ఇట్టి కారును అంగడిలో కొని, వారమంతయు రహదారిమీద నడిపి, సెలవుదినమున దానినే పందెపు బాటకు గొనిపోయి వేగముగా నడుపు వేడుక ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, జపాను దేశములలో చాల వ్యాపించియున్నది. అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు యువకులకు నీ వేడుక అందుబాటులోనిదే. మన దేశమునను ఇట్టి బాటలు ఏర్పడినవి. కుమారుడో మనుమడో “కారును ట్రాకునకు సిద్ధము చేయించుచున్నాను” అని చెప్పినపుడు, ఆ మాటకు అర్థమేమో, అందు మేలెంతో కీడెంతో ఇంటి పెద్దలు తెలిసికొనుట యుక్తము.

ఈ విషయమున సామాన్యముగా నొక భ్రమ కలదు. కారును పందెపు బాటకు సిద్ధపఱచుట యనగా ఇంజను శక్తిని పెంచుటయే యని పలువురు తలంతురు. పని తెలిసినవారు దీనిని తలక్రిందులుగా చెప్పుదురు. కారునకు మొదట ఆగుట నేర్పవలయును. తరువాత నేలను పట్టుకొనుట. ఆపైని వేడిని తాళుట. పరుగు పెంచుట కడపటి మాట. ఈ క్రమమునకు గల కారణములను వివరించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

పందెపు బాట యనునది ఏల పుట్టినదో ముందు తెలిసికొందము. మోటారు కార్లు పుట్టిన తొలిదినములలో పందెములు ఊరినుండి ఊరికి రహదారులమీదనే జరిగెడివి. 1903 మే నెలలో ఫ్రాన్సు దేశమున పారిస్ కడనుండి స్పెయిన్ రాజధానియైన మాడ్రిడ్ వఱకు ఒక గొప్ప పందెము ఏర్పాటు చేసిరి. రెండువందలకు పైగా వాహనములు బయలుదేరెను. అవి మట్టిబాటలు, దుమ్ము లేచి ముందున్న బండి కనబడదు. త్రోవలోని గ్రామములయందు ప్రజలు బాట కిరుప్రక్కల గుంపులుగా నిలిచియుండిరి. ఆ దుమ్ములో, ఆ వేగములో కార్లు చెట్లను, గోడలను, మనుష్యులను కొట్టుకొనెను. నడపువారును, చూడవచ్చినవారును పలువురు మరణించిరి. కార్లు నిర్మించుటలో పేరుపొందిన రెనో సోదరులలో నొకడైన మార్సెల్ రెనో ఆ పందెముననే ప్రాణములు గోల్పోయెను. ఫ్రెంచి ప్రభుత్వము పందెమును బోర్డో నగరముకడ నిలిపివేసెను. ఇంజనులు నడుపుటకు సైతము అనుమతి లేక, ఆ కార్లను గుఱ్ఱములచేత రైలుస్టేషనునకు లాగించి ఇండ్లకు పంపిరని చెప్పుదురు.

వేగమునకు వేఱుగా నొక చోటు కావలెనను జ్ఞానము లోకమునకు ఇట్టి అనుభవములవలన కలిగెను. 1907లో ఇంగ్లండునందలి బ్రూక్లండ్సునందు మోటారు పందెములకై ప్రత్యేకముగా కట్టిన బాటను తెఱచిరి. 1927లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ వెలసెను. అడవికొండల నడుమ సుమారు 20.8 కిలోమీటర్లు చుట్టివచ్చు దాని పెద్ద బాటమీద నేటికిని కొన్ని వేళలయందు సామాన్య జనులు రుసుము చెల్లించి తమ కార్లను నడుపుకొనవచ్చును. కాలిఫోర్నియాలోని లగూనా సేకా బాట 1957లో ఏర్పడినది. మన దేశమున చెన్నపట్టణము చేరువనున్న షోళవరము విమానపు దిగుబాటమీద చిరకాలము పందెములు జరిగెను. తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు దారియందు ఇరుంగాట్టుకోట్టై కడ శాశ్వతమైన బాట తయారయ్యెను. 2011లో ఢిల్లీ చేరువ నోయిడా ప్రాంతమున బుద్ధ్ అంతర్జాతీయ బాట ప్రారంభమయ్యెను.

ఇట్టి బాటలమీద పందెములు లేని దినములలో “ట్రాకు దినములు” జరుపుదురు. ఇవి పందెములు కావు, బహుమానములు లేవు. కార్లను నేర్పునుబట్టి జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టును ఇంచుమించు ఇరువది నిమిషములు వదలుదురు. ఎదురుగా వచ్చు బండి లేదు; అడ్డువచ్చు పశువు లేదు; బడినుండి వచ్చు బిడ్డ లేదు. మలుపులకడ జెండాలు పట్టిన మనుష్యులుందురు. పసుపు జెండా ముందు అపాయమున్నదని తెలుపును. ఎఱ్ఱ జెండా చూపిన అందఱును నెమ్మదించి బాట విడువవలయును. రహదారిమీద లేని రక్షణ లిన్ని యిచట కలవు. కాని రహదారిమీద ఎన్నడును కారునకు కలుగని శ్రమయు ఇచట కలుగును. ఆ శ్రమ యెట్టిదో తెలిసిన మార్పులన్నియు తమంతట అర్థమగును.

ఉదాహరణమునకు నొక కారును తీసికొందము. 1989లో జపాను దేశపు మాజ్డా సంస్థ ఎం.ఎక్స్.-5 అను చిన్న స్పోర్ట్సు కారును వెలువరించెను. అమెరికాలో దీనిని మియాటా యని పిలుతురు. మొదటి నమూనా బరువు సుమారు 950 కిలోగ్రాములు, ఇంజను 1.6 లీటర్లది, శక్తి ఇంచుమించు 115 అశ్వశక్తులు. అనగా బలమునకు పేరుపొందినది కాదు. గుఱ్ఱమును రౌతును ఒక్కటై యుండుట యను అర్థముగల జపాను మాటను దాని నిర్మాతలు తమ సూత్రముగా పెట్టుకొనిరి. 2016లో ఈ జాతి కార్ల సంఖ్య పదిలక్షలకు చేరెను. తేలికయగుటచేతను, విడిభాగములు సులభముగా దొరకుటచేతను, క్రొత్తగా ట్రాకు నేర్చుకొనువారు పెక్కుమంది దీనినే ఎన్నుకొందురు.

ఇక అసలు విషయమునకు వత్తము. కదలుచున్న బండిలో శక్తి నిలువయై యుండును. ఆ శక్తి వేగముతోపాటు సమముగా పెరుగదు. వేగము రెట్టింపైన శక్తి నాలుగింతలగును. బ్రేకు చేయు పని యేమన, ఈ శక్తిని ఒరపిడిచేత వేడిగా మార్చుట. మనిషితో కూడ 1000 కిలోగ్రాములు తూగు కారు గంటకు 160 కిలోమీటర్ల వేగమున వచ్చి, మలుపు ముందర 60 కిలోమీటర్లకు తగ్గినదనుకొనుడు. అందు విడుదలయగు శక్తి ఇంచుమించు 3 లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. ఇది యంతయు మూడు నాలుగు సెకండ్లలో జరుగును. గాలి యడ్డు కొంత పంచుకొన్నను, చాల భాగము బ్రేకులే మ్రింగవలయును. రహదారిమీద 50 కిలోమీటర్ల వేగమునుండి పూర్తిగా ఆగుటతో పోల్చిన, ఇది సుమారు తొమ్మిదింతల పని. రహదారిమీద అట్లు ఆగిన పిమ్మట బ్రేకులు చల్లారుటకు వ్యవధి యుండును. ట్రాకుమీద మఱొక మలుపు కొద్ది సెకండ్లలోనే వచ్చును. పొయ్యిమీది కుండను దింపకుండ మఱల మఱల మంట పెట్టినట్లు వేడి పేరుకొనుచుండును.

ఈ వేడివలన కలుగు మొదటి యపాయము బ్రేకు ఆయిలునందు కలదు. పాదముతో త్రొక్కిన బలమును చక్రములకడకు చేర్చునది ఈ ద్రవమే. ద్రవము నలగదు; కావుననే బలము చెడక చేరును. కాని సామాన్యముగా వాడు బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. డాట్ 4 అను తరగతి ద్రవము క్రొత్తదిగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల వఱకు మరుగరాదని నియమము. తేమ పట్టిన పిమ్మట ఆ మేర 155 డిగ్రీలకు దిగవచ్చును. డాట్ 3 తరగతికి ఈ అంకెలు 205, 140. కంటికి ఏ భేదమును కనబడదు. రహదారిమీద ఏ లోపమును తోచదు. ట్రాకుమీద అది మరిగి ఆవిరి బుడగలు కట్టిన వెంటనే పెడలు మెత్తబడి క్రిందికి దిగిపోవును. ఆవిరి నలుగును, ద్రవము నలగదు. త్రొక్కిన బలమంతయు బుడగలను నలుచుటకే వ్యయమగును, చక్రము ఆగదు. కావున ట్రాకునకు పోవువాడు చేయవలసిన మొదటి మార్పు మిక్కిలి చవుకైనది: పాత ద్రవమును పూర్తిగా తీసివేసి, ఎక్కువ వేడికి తాళు క్రొత్త ద్రవమును నింపి, గొట్టములలో గాలి లేకుండ చేయుట. ప్రాణమును కాపాడు పని కొన్నివేళల ఒక్క సీసా ద్రవములో నుండును.

రెండవది బ్రేకు ప్యాడ్లు. చక్రముతో తిరుగు ఇనుప డిస్కును ఇరువైపుల పట్టి ఒరయు బిళ్ళలే ఇవి. రహదారి ప్యాడ్లు చల్లగా నున్నపుడు బాగుగా పట్టును. అతిగా వేడెక్కిన పట్టు జారును. అప్పుడు పెడలు గట్టిగానే యుండును గాని కారు ఆగదు. ట్రాకు ప్యాడ్లు ఇందుకు విరుద్ధముగా వేడిలో చక్కగా పట్టి, చల్లగా నున్నపుడు మందముగా పనిచేయును. కీచుమను ధ్వని చేయును. డిస్కులను త్వరగా అరుగదీయును. కావున తెలివిగలవారు ట్రాకు ప్యాడ్లను ఆనాటికి మాత్రమే వేసికొని, తిరుగు ప్రయాణమునకు రహదారి ప్యాడ్లను మార్చుకొందురు. కారు ముందుభాగమునుండి గొట్టములద్వారా గాలిని డిస్కుల నడిమికి చేర్చుటయు మంచి యుపాయము. డిస్కుమీద చీలికలున్నవో లేవో ప్రతి పర్యాయమును చూచుకొనవలయును.

ఇక టైర్ల సంగతి. కారు నేలను తాకునది నాలుగు చోట్లనే. ఒక్కొక్క చోటు ఇంచుమించు అరచేయంత. ఆగుట, తిరుగుట, పరుగెత్తుట ఈ నాలుగు అరచేతులమీదనే ఆధారపడియున్నవి. ఇంజనునకు ఎంత బలమున్నను, బ్రేకునకు ఎంత పట్టున్నను, టైరు అనుమతించినంతయే పనికివచ్చును. మెత్తని రబ్బరుతో చేసి, గాళ్లు తక్కువగా నుంచిన టైర్లు పొడిబాటమీద మిక్కిలి గట్టిగా పట్టును. కాని అవి త్వరగా అరుగును. వానలో నీటిని ప్రక్కలకు నెట్టలేక నీటిపొరమీద తేలిపోవును. అట్టి టైర్లతో ముసురుదినమున ఇంటికి బయలుదేరుట సాహసము. నేర్చుకొనుచున్న వానికి మొదట మంచి రహదారి టైర్లే మేలు. అవి పట్టు విడుచుటకు ముందు కూయుచు హెచ్చరించును. గట్టి టైర్లు పట్టు విడుచునపుడు ఒక్కసారిగా, అదియు హెచ్చు వేగమున విడుచును.

టైరులోని గాలికిని లెక్క కలదు. మూసియున్న గాలి వేడెక్కిన కొలది పీడనము హెచ్చును. ఉదయము 25 డిగ్రీల చల్లదనములో 28 పౌనుల గాలి నింపిన టైరు ట్రాకుమీద 70 డిగ్రీలకు వేడెక్కినచో సుమారు 34 పౌనులు చూపును. అంత పీడనమున టైరు నడుమ ఉబ్బి, నేలను తాకు వైశాల్యము తగ్గి, పట్టు సడలవచ్చును. కావున బాటనుండి వచ్చిన వెంటనే వేడిమీదనే కొలిచి, తగినంత గాలిని వదలుదురు. సాయంకాలము టైర్లు చల్లారిన పిమ్మట మఱల గాలి నింపుకొనక రహదారి పట్టరాదు. ఏలయన అప్పుడు గాలి మిక్కిలి తక్కువై యుండును.

స్ప్రింగుల మార్పును గ్రహించుటకు మన గడ్డిబండిని తలంచుకొన్న చాలును. ఎత్తుగా గడ్డి వేసిన బండి మలుపు తిరుగునపుడు బరువంతయు వెలుపలి చక్రముమీదికి ఒరగును. అదే బరువుగల ఇసుకబండి అంతగా ఒరగదు; ఏలయన దాని భారము క్రిందనున్నది. కారునకును ఇదే న్యాయము. అందుచేత గట్టి స్ప్రింగులు, వానికి తగిన షాకబ్సార్బర్లు వేసి, కారును కొంచెము నేలకు దింపుదురు. కాని ఎంత గట్టిపఱచినను మలుపులో బరువు వెలుపలికి మారుట మానదు. ఒరుగుట మాత్రమే తగ్గును. మితిమీరి గట్టిపఱచినచో చక్రము గతుకులమీద ఎగిరి పట్టు పోగొట్టుకొనును. ముందువైపు మిక్కిలి గట్టిగా నున్న కారు తిరుగుటకు మొండికెత్తి తిన్నగా పోజూచును. వెనుకవైపు మిక్కిలి గట్టిగా నున్న కారు తోక ముందుకు వచ్చి గిఱ్ఱున తిరుగును. ఇవి రెండును సరితూగునట్లు చేయుటయే పనివాని నేర్పు.

దీనితోపాటు చక్రముల నిలుకడను సవరింతురు. మలుపులో కారు ఒరిగినపుడు వెలుపలి టైరు తన వెలుపలి అంచుమీద నిలుచును. అంచు అరుగును, నడిమిభాగము వృథాయగును. అందుచేత చక్రముల పైభాగము రెండు మూడు డిగ్రీలు లోపలికి వాలునట్లు ముందుగానే అమర్తురు. అప్పుడు మలుపులో టైరు నేలమీద చదునుగా కూర్చుండును. మాజ్డా కారునందు ఈ సర్దుబాటునకు తగిన బోల్టులు నాలుగు చక్రముల కడను కలవు. ఎంతవఱకు వాలునో దానికొక మేర కలదు. ఖర్చు స్వల్పము, ఫలము హెచ్చు. అయితే తిన్నని రహదారిమీద వేలాది కిలోమీటర్లు నడుపువానికి ఈ వాలుచేత టైర్ల లోపలి అంచు ముందుగా అరుగును.

బండి ఇరుసునకు కందెన లేనిచో ఏమగునో మీకు తెలియనిది కాదు. ఇంజనునకు ఆయిలే కందెన. ఇంజను అడుగున నొక తొట్టిలో ఆయిలు నిలిచియుండును. పంపు దానిని పీల్చి తిరుగు భాగములకెల్ల పంపును. నిండని బిందెను బండిలో పెట్టి మలుపు తిప్పినచో నీరు ఒకవైపునకు ఎట్లు పోవునో, పొడవైన మలుపులో ఆయిలు అట్లే తొట్టిలో ఒకవైపునకు పోవును. పీల్చు గొట్టము నోట గాలి చొచ్చును. నిమిషమునకు ఆఱేడు వేల చుట్లు తిరుగుచున్న ఇంజనునకు కొన్ని క్షణములు కందెన అందకున్నను లోని బేరింగులు కాలిపోవును. తొట్టిలో అడ్డుపలకలు అమర్చి ఆయిలు పరుగును నిరోధించుట దీనికి మందు. ఆయిలు మట్టమును పైగీటు వఱకు నుంచుట ప్రతివాడును చేయదగినది. ఆయిలు పీడనమును నిజముగా తెలుపు ముల్లును చూచుచుండుటయు అట్టిదే. మిక్కిలి ఎండగల సీమలలో ఆయిలును చల్లార్చుటకు వేఱుగా నొక చిన్న రేడియేటరును పెట్టుదురు.

నీటి చల్లదనమున ఈ మాజ్డాకు విచిత్రమైన లోపమొకటి కలదు. ఆ ఇంజను మూలమున ముందుచక్రములు లాగు కార్లలో అడ్డముగా నుంచుటకు చేసినది. దానిని స్పోర్ట్సు కారులో నిలువుగా పెట్టినపుడు, చోటు చాలక, నీరు వెడలు ద్వారమును వెనుకనుండి ముందువైపునకు మార్చిరి. నీటిని లోపలికి నెట్టు పంపును ముందువైపుననే యున్నది. కావున నీరు దగ్గఱ దారిన ముందునుండియే మఱలిపోవ జూచును. కాలువ చివరి మడికి నీరందనట్లు వెనుకనున్న నాలుగవ సిలిండరునకు చల్లదనము తక్కువ పడును. రహదారిమీద ఇది బాధింపదు. ట్రాకుమీద బలము పెంచి నడుపువారు నీటిదారిని మఱల వెనుకకు మార్పింతురు. రేడియేటరును మందమైనదిగా వేయుదురు.

ఇంతవఱకు కారు సంగతి. అందు కూర్చుండు మనుష్యునికి మొదటి అవసరము తలకాపు. 1956లో విలియం స్నెల్ అను అమెరికా పందెగాడు ప్రమాదమున చనిపోయెను; అతడు ధరించిన తలకాపు అతనిని కాపాడజాలకపోయెను. ఆతని స్నేహితులు 1957లో ఆతని పేర నొక సంస్థను స్థాపించి, తలకాపులను కొట్టి పరీక్షించి ముద్రవేయు పద్ధతిని ఏర్పఱచిరి. నేటికిని పెక్కు బాటలలో ఆ ముద్రను చూచిన పిమ్మటనే లోనికి పోనిత్తురు. మోటారుసైకిలు తలకాపు వేఱు, కారు తలకాపు వేఱు. రెండవదానిని నిప్పునకు తాళునట్లు కూడ పరీక్షింతురు.

పైకప్పు తెఱచియుండు కారునకు కూర్చుండువాని తలవెనుక గట్టి ఉక్కు కమాను అత్యవసరము. కారు బోర్లపడినచో తలను కాచునది అదే. ఇచట నొక సూక్ష్మమును గమనింపవలయును. భుజములను బిగించు పందెపు పట్టీలు మనుష్యుని నిటారుగా కట్టివేయును. కమాను లేని కారులో ఆ పట్టీలు కట్టినచో, బోర్లపడినపుడు తల వంచుటకైనను వీలుండదు. అట్లే కారు లోపల అన్ని వైపుల ఉక్కు కమ్ములు బిగించి, తలకాపు లేకుండ రహదారిమీద నడిపినచో, చిన్న ప్రమాదమునను తల ఆ కమ్ములకు తగులును. రక్షణవస్తువులు సైతము జతకూడిననే రక్షించును. విడివిడిగా నున్న కీడు చేయవచ్చును.

ఇప్పుడు శక్తి మాట. దానిని కడపట పెట్టుటకు కారణము మీకు తోచియే యుండును. మలుపునకు ముందరి వేగము నూటికి పదివంతులు హెచ్చినచో, బ్రేకులు మ్రింగవలసిన శక్తి నూటికి ఇరువదియొక వంతులు హెచ్చును. ఇంజను వేడియు హెచ్చును. క్రింది భాగములను బాగుచేయక పైనున్న శక్తిని పెంచుట, బలహీనమైన గట్టుగల చెఱువులోనికి మఱొక వాగును మళ్లించుటవంటిది. బరువు తగ్గించుట ఇంతకంటె మేలైన మార్గము. ఆనాటికి అవసరములేని సామానులు, విడిచక్రము, లోపలి తివాచీలు తీసివేసిన పరుగు, మలుపు, నిలుపుదల మూడును బాగుపడును. అమెరికాలో ఈ మాజ్డా కార్లకే “స్పెక్ మియాటా” అను పందెపు తరగతి కలదు. అందు అందఱును ఒకే విధమైన స్ప్రింగులు వాడవలయును. ఇంజను మార్పులకు గట్టి హద్దులు కలవు. కావున అందు తేడా చాలవఱకు నడపువాని నేర్పుననే కనబడును. నేర్పరియైన గురువును ప్రక్క కూర్చుండబెట్టుకొని నేర్చిన ఒక్క దినము, ఇంజనుమీద పెట్టిన వ్యయముకంటె ఎక్కువ ఫలమిచ్చును.

ఈ మార్పులన్నింటికిని వెల కలదు. గట్టి స్ప్రింగులు రహదారిమీద నడుము నొప్పింపజేయును. ట్రాకు ప్యాడ్లు చలిలో ఆలస్యముగా పట్టును. చప్పుడు హెచ్చిన పొగగొట్టమును ఇరుగుపొరుగువారు సహింపరు. లగూనా సేకా వంటి బాటలలో సైతము ధ్వనికి పరిమితి కలదు. మించిన కారును బయటకు పంపుదురు. సామాన్యమైన కారు బీమా పత్రములు పెక్కు ట్రాకుమీద కలుగు నష్టమును భరింపవు. పత్రమును చదివి చూచుకొనవలయును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత తెలిపినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. చట్టము విడిచిన మినహాయింపులు కొలదిగా మాత్రమే కలవు. బహిరంగ స్థలములలో అనుమతి లేక వేగపు పోటీలు నడుపుట 189వ సెక్షను క్రింద నేరము. కావుననే అనుభవము ముదిరినవారు కొందఱు రెండు పనులకు ఒకే కారును వాడుట మాని, ట్రాకు కారును వేఱుగా నుంచి, లారీమీద బాటకు చేర్చుకొందురు.

బాటకు పోవు దినమున చేయవలసినవి కొలదిగా చెప్పెదను. కారులోని విడివస్తువులన్నియు బయట పెట్టవలయును. చిన్న సీసా యొకటి దొరలి పెడలు క్రింద జేరినను ప్రమాదమే. చక్రముల నట్లను కొలతగల పానాతో ఉదయమును, నడిపిన పిమ్మటను బిగించి చూడవలయును. మొదటి చుట్టు నెమ్మదిగా నడిపి టైర్లను, బ్రేకులను వేడిచేయవలయును. చివరి చుట్టు బ్రేకులు ఎక్కువ వాడక నడిపి చల్లార్చవలయును. ఆగిన పిమ్మట చేతిబ్రేకు వేయరాదు. వేడి డిస్కునకు ప్యాడ్లు అంటి చెడును. కారు కదలకుండ చక్రమునకు చెక్క అడ్డు పెట్టిన చాలును. అలసట తోచిన వెంటనే ఆనాటికి విరమింపవలయును.

పెద్దలు ఇంతయు జ్ఞాపకముంచుకొననక్కఱలేదు. మీ యింటి యువకుడు ఇట్టి వేడుకకు ద్రవ్యమడిగినపుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. “బ్రేకు ఆయిలు ఎన్నడు మార్చితివి? టైర్లు ఎట్టివి, ఎంత పాతవి? తలకాపు ముద్రగలదేనా? నీకు నేర్పువాడెవడు?” ఈ నాలుగింటికిని నిలుకడగా బదులు చెప్పువాడు వేగమును ఎఱిగినవాడు, వానిని అడ్డగింప పనిలేదు. ఇవి విడిచి ఇంజను బలమును గూర్చియే చెప్పువానికి ద్రవ్యము నీయక, ముందు నాలుగు మాటలు బోధింపుడు. ఎట్టివాడైనను ఊరిబాటమీద ఆ వేగమును చూపబూనినచో, 1903లో ఫ్రాన్సు పల్లెలలో జరిగినదానిని వానికి చెప్పుడు. వేగమునకు చోటు వేఱుగా కలదు. ఆ చోటికి పోవు కారు ముందుగా ఆగుట నేర్చియుండవలయును.